మాండలిన్ జంట కచేరీ: పాలకొల్లు బాణీ, కెంటకీ బాణీ

ఇద్దరు తీగవాద్యకారులు పక్కపక్కన కూర్చుంటారు. ముందే కట్టి ఉన్న పాటను కలిసి వాయిస్తారు. ఆ పాట గీసిన గిరి దాటకుండా అప్పటికప్పుడు కొత్త సంగీతం అల్లుతూ వంతులు మార్చుకుంటారు. స్థూలంగా జంట కచేరీ అంటే ఇదే. కర్ణాటక సంగీతంలో మాండలిన్ మీద ఈ పద్ధతికి పేరు తెచ్చినవారు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014), ఆయన తమ్ముడు ఉప్పలపు రాజేశ్. అమెరికాలో ఇదే వాద్యం బ్లూగ్రాస్ అనే పల్లె సంగీతానికి వెన్నెముక. అక్కడా కథ అన్నదమ్ముల జంటతోనే మొదలవుతుంది: 1930లలో చార్లీ మన్రో, బిల్ మన్రో. ఆ సంప్రదాయంలో పెరిగిన తర్వాతి తరం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని కలుపుకుని మాండలిన్, డబుల్ బాస్ జంటలుగా వేదికలెక్కింది. రెండు చోట్లా పెట్టె ఒకటే. దాన్నుంచి రాబట్టుకున్న నాదాలు మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు.

వాద్యం

ఇటలీలోని నేపుల్స్ నగరంలో 18వ శతాబ్దంలో ఇప్పటి రూపం దిద్దుకున్న చిన్న తీగవాద్యం మాండలిన్. నేపుల్స్ మాండలిన్ వీపు సొరకాయ బుర్రను నిలువునా కోసినట్టు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 20వ శతాబ్దం మొదట్లో దాన్ని చదును చేసి, వయొలిన్ లాగా పై పలకనూ వీపునూ చెక్కి తయారుచేసింది. పై పలక స్ప్రూస్, వీపు మేపుల్. ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. జతలోని రెండు తీగలకూ ఒకే శ్రుతి. శ్రుతి చేసే తీరు అచ్చంగా వయొలిన్‌దే: సుమారు 196, 294, 440, 659 హెర్ట్జ్. అంటే ప్రతి జతా కింది జతకు పంచమం. మోగే తీగ పొడవు 35 సెంటీమీటర్ల చిల్లర. మన వీణ తీగ దీనికి రెండింతల పైమాటే.

ఈ పొడవు సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత చెప్పబోయే తగవంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

డెల్టాకు వచ్చిన దారి

పరాయి వాద్యాన్ని ఇంటి వాద్యం చేసుకోవడం దక్షిణాదికి కొత్త కాదు. బాపట్ల జిల్లాలో మా అడవులదీవికి దగ్గర్లో ఉన్న నిజాంపట్నం రేవులో డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బట్టల వ్యాపారానికి దిగారు. వాళ్ల లెక్కల్లో ఆ ఊరి పేరు పెటపోలి. అప్పట్లో ఓడల్లో వచ్చినవాళ్లు అద్దకం బట్టలు కొనుక్కుని పోయారే తప్ప ఇక్కడి చెవులకు కొత్త నాదమేదీ వదిలి వెళ్లలేదు. తీగలు వచ్చింది చాలా ఆలస్యంగా, మద్రాసులోని కంపెనీ కొలువుల ద్వారా. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) అక్కడే యూరోపియన్ వాద్యకారుడి దగ్గర వయొలిన్ నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారు. గడ్డం కింద పెట్టుకునే వాద్యాన్ని మనవాళ్లు కింద కూర్చుని, దాని తలను పాదానికి ఆనించి, స–ప–స–ప అని శ్రుతి చేసుకున్నారు. వందేళ్లు గడిచేసరికి అది విదేశీదన్న ఊసే లేకుండా పోయింది.

తెలుగునాట దాన్ని పక్కవాద్యం స్థాయి నుంచి పైకి లేపినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964). బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఈయన 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వెల్లూరులో ఒంటరిగా వయొలిన్ కచేరీ చేశారు. గాత్రం వెనక నీడలా నడిచే వాద్యం ముందు వరసలో కూర్చోవడం అప్పటికి పెద్ద విషయమే. మాండలిన్ విషయంలో తర్వాత జరిగినదానికి ఇది రిహార్సల్ అనుకోవచ్చు.

మాండలిన్ మటుకు ఇంత దొరబాబులా రాలేదు. సినిమా వాద్యబృందాల్లో ఒక మూలన కూర్చునే వాద్యంగా, లలిత సంగీత బృందాల్లో పాటల మధ్య ఖాళీలు నింపే వాద్యంగా తెలుగు ఊళ్లకు చేరింది. పాట పల్లవికీ చరణానికీ మధ్య గలగలమని నాలుగు స్వరాలు రాల్చి తప్పుకోవడమే దాని పని. రాగం దాని నోట పలుకుతుందని ఎవరూ అనుకోలేదు.

పాడి నేర్పిన గురువు

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. అడవులదీవి నుంచి పాలకొల్లు పోవాలంటే రేపల్లె చేరి, తెనాలి రైలెక్కి, విజయవాడ మీదుగా గుడివాడ, భీమవరం దాటాలి. కృష్ణ కాలవల నీళ్లు వదిలి గోదావరి కాలవల నీళ్లలోకి వెళ్లడమన్నమాట. అదే వరి, అవే కొబ్బరిచెట్లు, అదే రామనవమి పందిరి. ఒక కచేరీలో మాండలిన్ విని, ఆరేళ్ల పిల్లవాడు తండ్రి సత్యనారాయణ మాండలిన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి ఓనమాలు దిద్దించారు. గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తర్వాత పిల్లవాడిలోని పస గమనించి చేరదీసినవారు రుద్రరాజు సుబ్బరాజు. ఈయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, సత్యనారాయణకూ గురువు.

సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఈ ఒక్క సంగతి లేకపోతే తర్వాతి చరిత్ర వేరుగా ఉండేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆయన కృతిని పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. మాండలిన్ తెలిసిన గురువైతే ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు. పిల్లవాడు ఆ వాద్యానికి అలవాటైన దారిలోనే నడిచేవాడు. ఇక్కడ గురువు చెప్పింది గొంతులో స్వరం ఎలా వంగిందో మాత్రమే. ఆ వంపు ఎలా రావాలన్నది కుర్రవాడి తంటా. అందుకే ఆ చేతిలో మాండలిన్ మాండలిన్‌లా మోగడం మానేసి పాడటం మొదలుపెట్టింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి వయసు తొమ్మిది. కుటుంబం మద్రాసు మారింది. 1981 డిసెంబరు సంగీత ఋతువులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద పన్నెండేళ్లకు వాయించాడు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. మొదట్లో ఈ వాద్యం శాస్త్రీయ కచేరీకి పనికిరాదని పెదవి విరిచిన పెద్దలు ఉండేవారు. వాళ్ల అభ్యంతరం ఉత్త ఛాందసం కాదు, అందులో నిజం ఉంది.

తోడి గాంధారం

ఆ నిజం ఏమిటో ఒక్క స్వరం దగ్గర ఆగి చూద్దాం. తోడి రాగంలో గాంధారం నిలకడగా ఉండదు. కింది రిషభాన్నీ పై మధ్యమాన్నీ తాకుతూ ఊయలలా ఊగుతుంది. ఆ ఊపే గాంధారం. ఊపు తీసేసి గాంధారం మెట్టు మీద వేలు గట్టిగా నొక్కి మీటితే వచ్చేది ఏదో ఒక స్వరం, తోడి మాత్రం కాదు. గాయకుడికి ఇది సులువు, గొంతుకు మెట్లు లేవు. వయొలిన్‌కూ మెట్లు లేవు. వీణకు మెట్లున్నా తీగ పొడుగు కాబట్టి ఒక మెట్టు మీదే తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పైకి పోవచ్చు.

మాండలిన్‌కు ఈ సౌకర్యాలేవీ లేవు. పొట్టి తీగ, బిగువు ఎక్కువ, లాగితే వేలు కోస్తుంది. పైగా తీగలు జతలు. జతను పక్కకు లాగితే రెండు తీగలూ ఒకేలా సాగవు. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. స్వరం పగిలిపోతుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య రెండు సెంటీమీటర్లయినా ఉండదు. కాబట్టి జారు తీస్తే చూపుడువేలు కన్నుమూసి తెరిచేలోగా పక్క స్వరంలో పడుతుంది. వీటన్నిటినీ మించిన ఇబ్బంది ఇంకొకటుంది. మీటిన నాదం క్షణంలో చచ్చిపోతుంది. విళంబ కాలంలో తోడి ఆలాపన చేస్తూ గాంధారం ఊపుతుంటే, ఊపు సగంలో ఉండగానే శబ్దం అయిపోతుంది.

నాదం చావకుండా ఉండటానికి యూరప్‌వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది: ఒకే స్వరాన్ని పిక్కుతో కిందికీ పైకీ గబగబా మీటుతూ పోవడం. నేపుల్స్ పాటలు విన్నవారికి ఆ వణుకు తెలుసు. మనకు అది పనికిరాదు. గమకం, అంటే స్వరానికి ఇచ్చే ఈ ఊపు, ఒక్క గీతలా వంగాలి, చుక్కలు చుక్కలుగా తెగితే వంపు కనిపించదు.

శ్రీనివాస్ మూడు పనులు చేశారు. ఒకటి, జతలు తీసేసి ఒంటి తీగలు వేశారు. రెండు, నాలుగు శ్రుతులకు బదులు ఐదు తీగలు పెట్టుకున్నారు, దాంతో స్థాయి విస్తారం పెరిగింది. మూడు, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. తీగ కింద అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కదలికను అవి కరెంటుగా మారుస్తాయి. ఆంప్లిఫైయర్ దాన్ని పెంచుతుంది. మీటిన మొదటి దెబ్బ తగ్గి, చెవికి అందకుండా సన్నగా సాగే తోక భాగం పైకి వినిపిస్తుంది. గాంధారం ఊగడానికి కావలసిన వ్యవధి ఆ తోకలోనే దొరికింది. బలంగా మీటాల్సిన అవసరం పోయింది గనుక కుడిచెయ్యి తేలికపడింది. ఒక్క మీటు మీద ఎడమచేయి నాలుగైదు స్వరాలు పలికించగలిగింది.

ఎలక్ట్రిక్ వాద్యం అనగానే మొహం ముడుచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మైకు లేకుండా ఏ సభలో ఏ కచేరీ నడుస్తోందో వాళ్లే చెప్పాలి.

జంట

రాజేశ్‌కు అన్నే గురువు. ఒకే ఇంట్లో, ఒకే రకం వాద్యం మీద, ఒకే చేతి కింద నేర్చుకున్న ఇద్దరు కలిసి వాయించడంలో సుఖమూ ఉంది, చిక్కూ ఉంది. గాత్రం, వయొలిన్ కలిస్తే ఎవరు ఏం చేస్తున్నారో చెవికి తెలిసిపోతుంది. వీణ, వేణువు కలిసినా అంతే. రెండు మాండలిన్లు కలిసినప్పుడు కళ్లు మూసుకుంటే ఏది అన్నదో ఏది తమ్ముడిదో పోల్చుకోవడం కష్టం. కృతి వాయించేటప్పుడు ఇది వరం. రెండు వాద్యాల నాదమూ ఒక్క వాద్యమే పెద్దదైనట్టు ఉంటుంది. మనోధర్మంలోకి, అంటే అప్పటికప్పుడు అల్లడంలోకి, దిగాక మాత్రం వినేవాడికి పరీక్ష. వేదిక ఎదురుగా కూర్చున్నవాడికి వేళ్లు చూస్తే తెలుస్తుంది. రికార్డు వినేవాడు ఎడమ స్పీకరు, కుడి స్పీకరు చూసుకోవాల్సిందే.

కచేరీ నడక మామూలు కర్ణాటక పద్ధతే. వర్ణంతో మొదలు, రెండు మూడు కృతులు, ప్రధాన రాగం, దాని మీద ఆలాపన, కృతి, కల్పనస్వరాలు, తాళవాద్యాల తని ఆవర్తనం, చివర చిన్న పాటలు. జంట కాబట్టి ఆలాపనను పంచుకుంటారు. ఒకరు కింది స్థాయిలో రాగానికి పునాది వేసి ఆపితే, రెండోవారు అక్కడి నుంచి అందుకుని తారస్థాయికి తీసుకుపోతారు. ఈ పంపకంలో పైకి కనిపించని కష్టం ఉంది. ఆపేవాడు పూర్తిగా ముగించకూడదు, అందుకునేవాడికి తలుపు తీసి ఉంచాలి. అందుకునేవాడు అప్పటికే చెప్పింది మళ్లీ చెప్పకూడదు.

అసలు జంట కచేరీకి ఊపిరి కల్పనస్వరాల దగ్గర. ఆది తాళంలో ఒక ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున 32 మాత్రలు. మొదట ఒక్కొక్కరు రెండేసి ఆవర్తనాలు వాయిస్తారు. తర్వాత ఒక ఆవర్తనం. ఆ తర్వాత నాలుగు అక్షరాలు, రెండు అక్షరాలు, చివరికి ఒక్కటి. ప్రతి వంతూ పాట ఎత్తుగడకు ముందు ఉండే స్వరం దగ్గరే వచ్చి వాలాలి. వంతు చిన్నదయ్యేకొద్దీ ఆలోచించే వ్యవధి పోతుంది. నాలుగు మాత్రల్లో ఎదుటివాడు వేసిన ముక్కకు జవాబు చెప్పి, మళ్లీ అతనికి ప్రశ్న వేసి తప్పుకోవాలి. కోడిపందెంలో పుంజులు విడివడి మళ్లీ తలపడినట్టు ఉంటుందీ ఘట్టం. అప్పుడు మృదంగం కూడా రెండు వాద్యాల ముక్కలనూ పట్టి అనుకరిస్తుంటే సభ అంతా చేతులతో తాళం వేస్తూ ముందుకు వంగుతుంది. చివర ఇద్దరూ కలిసి ఒక ముక్తాయింపును మూడుసార్లు వాయించి పల్లవిలో పడతారు. అది ముందే లెక్క కట్టుకున్నది. వంతులు మాత్రం అప్పటికప్పుడు అల్లినవే.

తెలుగునాట రెండు తీగవాద్యాల సంభాషణకు ఈ సోదరులే మొదలని చెప్పలేం. వయొలిన్ జంటలు ఉన్నాయి. వీణలో ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు సంప్రదాయం గిరిగీసిన చోట ఆగకుండా వాద్యాన్ని కొత్త పలుకులకు అలవాటు చేసినవారు. మాండలిన్‌లోనే శ్రీఉష, శిరీష అనే అక్కచెల్లెళ్లు మాండలిన్ సిస్టర్స్ పేరుతో జంటగా వాయిస్తూ వస్తున్నారు. పాలకొల్లు సోదరుల విశిష్టత ఏమిటంటే, శాస్త్రీయ కచేరీ చరిత్రే లేని వాద్యం మీద జంట సంప్రదాయం ఒక్క తరంలోనే పుట్టింది. 1980లు, 90లలో మా రేపల్లె వైపు రామనవమి పందిళ్లలో పొద్దున్నే మైకుసెట్టు వాడు నాదస్వరం క్యాసెట్టు అయిపోగానే మాండలిన్ క్యాసెట్టు పెట్టేవాడు. శాస్త్రీయ సంగీతం జోలికి పోని రైతులు కూడా పందిరి గుంజకు ఆనుకుని వినేవారు. ఆ నాదానికి పెద్దగా చదువు అక్కర్లేదు.

కెంటకీ

బిల్ మన్రో 1911లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం రోజీన్‌లో, పెద్ద కుటుంబంలో కడగొట్టువాడుగా పుట్టాడు. ఇంట్లో వయొలిన్ ఒక అన్న, గిటారు ఒక అన్న తీసేసుకున్నారు. మిగిలింది మాండలిన్. చిన్నవాడు మరీ గోల చేయకుండా ఎనిమిది తీగల్లో నాలుగు తీయించి వాయించమన్నారని చెబుతారు. పాలకొల్లు బాణీలో స్వరం పగలకుండా వంగడానికి జతలు విప్పారు, కెంటకీలో నాదం తగ్గడానికి విప్పించారు. బిల్ పెద్దవాడయ్యాక ఆ నాలుగు తీగలూ మళ్లీ తగిలించుకుని, వాటికి ముందెన్నడూ లేని చప్పుడు పుట్టించాడు.

మేనమామ పెన్ వాండివర్ పల్లె నాట్యాలకు వాయించే వయొలిన్ పాటలు నేర్పాడు. ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారిస్టు నుంచి బ్లూస్ వంపులు అబ్బాయి. అన్న చార్లీ గిటారుతో కలిసి మన్రో బ్రదర్స్‌గా 1936–38 మధ్య 60 పాటలు రికార్డు చేశారు. గొంతులు రెండు, వాద్యాలు రెండు, అంతే. 1938లో అన్నదమ్ములు విడిపోయారు. బిల్ పెట్టుకున్న బృందం పేరు బ్లూ గ్రాస్ బాయ్స్. కెంటకీని నీలిగడ్డి రాష్ట్రం అంటారు, పేరు అక్కడిది. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో బాంజో వాయిస్తూ చేరాక ఆ బృందం నాదం పూర్తయింది. తర్వాత ఆ పేరే మొత్తం సంగీతానికి స్థిరపడింది.

బ్లూగ్రాస్‌లో డప్పు, డ్రమ్ము ఉండవు. మాండలిన్, బాంజో, గిటారు, వయొలిన్, డబుల్ బాస్, అన్నీ తీగలే. మరి తాళం ఎవరు వేస్తారు? మాండలినే. నాలుగు జతలనూ వేళ్లతో అదిమి, పిక్కుతో ఒక్కసారి నరికినట్టు కొట్టి, ఆ వెంటనే వేళ్ల పట్టు సడలిస్తారు. నాదం పుట్టీ పుట్టకముందే ఆగి ‘చక్’ అంటుంది. బాస్ కొట్టిన దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీలో ఈ ‘చక్’ పడుతుంది. నాదం త్వరగా చావడం శ్రీనివాస్‌కు శాపం, మన్రోకు ఆయుధం. అందుకే ఒకరికి కరెంటు కావాల్సి వచ్చింది, మరొకరికి వట్టి కొయ్యే చాలింది. మన్రో 1940లలో ఫ్లోరిడాలో ఒక మంగలి దుకాణంలో 150 డాలర్లకు కొన్న 1923 నాటి గిబ్సన్ మాండలిన్‌నే జీవితాంతం వాడాడు.

మనోధర్మం అక్కడా ఉంది. దాన్ని బ్రేక్ అంటారు. పాట ఒక చరణం అయ్యాక ఒక వాద్యకారుడు మైకు దగ్గరికి వస్తాడు, మిగతావారు వెనక్కి తగ్గుతారు. పాట ఎన్ని మాత్రలో అన్ని మాత్రల్లోనే తన సొంత మాట చెప్పి పక్కకు తప్పుకుంటాడు. పాత రోజుల్లో అందరికీ ఒకే మైకు కాబట్టి ఈ రావడం పోవడం నాట్యంలా ఉండేది. మన కల్పనస్వరంతో పోలిస్తే ఇది చాలా చిన్నది, రాగ విస్తారం అనే ఆలోచనే అందులో లేదు. కానీ లెక్క తప్పితే క్షమించే అలవాటు అక్కడా లేదు.

శాస్త్రీయం వైపు

1970లలో డేవిడ్ గ్రిస్మన్ మాండలిన్‌ను పాట నుంచి విడదీసి, జాజ్ కలిపి వాద్య సంగీతంగా నడిపాడు. ఆ బాటలో వచ్చినవాడు క్రిస్ థీలీ. 1981లో కాలిఫోర్నియాలో పుట్టి, బ్లూగ్రాస్ ఉత్సవాల్లో పెరిగాడు. బాఖ్ వయొలిన్ కోసం రాసిన సొనాటాలు, పార్టీటాల్లో కొన్నింటిని మాండలిన్ మీద వాయించి 2013లో ఆల్బమ్‌గా తెచ్చాడు. శ్రుతి ఒకటే కాబట్టి స్వరాలు మార్చాల్సిన పనిలేదు. వయొలిన్ కమాను సాగదీసే చోట పిక్కు ఏం చేయాలన్నదే సమస్య. ఆయన జంట డబుల్ బాస్ విద్వాంసుడు ఎడ్గార్ మేయర్. ఇద్దరూ 2008లో ఒక ఆల్బమ్, 2014లో ‘బాస్ అండ్ మాండలిన్’ అనే మరొకటి తెచ్చారు. రెండోదానికి 2015లో గ్రామీ దక్కింది. కరెంటు లేదు, తాళవాద్యం లేదు. అతి సన్నని గొంతు, అతి బొంగురు గొంతు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఎక్కడ రాసుకున్నది అయిపోయి ఎక్కడ అప్పటికప్పుడు అల్లినది మొదలైందో పట్టుకోవడం కష్టం. మేయర్ అంతకుముందే 2004లో బాంజో విద్వాంసుడు బేలా ఫ్లెక్‌తోనూ ఇలాంటి జంట ఆల్బమ్ చేశాడు.

కలిసిన చోటు

భారతీయ సంగీతం, బ్లూగ్రాస్ కలిసిన ప్రసిద్ధమైన రికార్డుల్లో ఎక్కువ హిందుస్తానీ వైపువే. విశ్వమోహన్ భట్ మోహనవీణ, జెరీ డగ్లస్ డోబ్రో, మేయర్ బాస్ కలిసి 1995లో ‘బర్బన్ అండ్ రోజ్‌వాటర్’. మరుసటేడు భట్, ఫ్లెక్, చైనా వాద్యకారిణి జీ బింగ్ చెన్ కలిసి ‘టాబ్యులా రాసా’. డోబ్రో, మోహనవీణ రెండూ తీగ మీద కడ్డీ జారించే వాద్యాలు. వంపు తిరిగే స్వరం రెండింటికీ పుట్టుకతో వచ్చింది కాబట్టి ఆ స్నేహం సులువుగా కుదిరింది.

శ్రీనివాస్ కలిసినవారు వేరు. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’, 2003లో ఇంగ్లీషు స్వరకర్త మైకేల్ నైమన్‌తో ‘సంగం’. అన్నిటికంటే ఎక్కువ కాలం సాగింది జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల ‘రిమెంబర్ శక్తి’ బృందం. అక్కడ గిటారు, మాండలిన్ మధ్య నడిచే వంతుల పందెం పైన చెప్పిన కల్పనస్వరాల తగ్గింపు పద్ధతే, మాట మార్చి చెప్పినది. మెక్‌లాఫ్లిన్ చెన్నైలో రికార్డు చేసి 2008లో విడుదల చేసిన ‘ఫ్లోటింగ్ పాయింట్’లో రాజేశ్ వాయించారు.

ఇలాంటి కలయికల గురించి రాసేవాళ్లు సంగీతమంతా ఒక్కటే అని చేతులు దులుపుకుంటారు. అది తప్పు. బ్లూగ్రాస్ నడిచేది స్వరగుచ్ఛాల మీద. మూడు స్వరాలు ఒకేసారి మోగి, తర్వాతి మూడింటికి చోటిస్తాయి. రాగం నడిచేది ఒక్క గీత మీద, మారని షడ్జమం ఎదుట. స్వరగుచ్ఛం మారితే తోడి చెదిరిపోతుంది. షడ్జమాన్ని పట్టుకు వేలాడితే బ్లూగ్రాస్ కదలదు. ఒకటి రెండోదానికి లొంగనిదే ఇక్కడ రాజీ లేదు. కాబట్టి మంచి రికార్డుల్లో వాళ్లు రాగం దగ్గర కలవరు, లెక్క దగ్గర కలుస్తారు. ఇన్ని మాత్రలు నీవి, ఇన్ని మాత్రలు నావి, ఈ దెబ్బ మీద ఇద్దరం దిగుదాం. ఈ ఒప్పందానికి గుడివాడ సభలో కూర్చున్నవాడికీ, కెంటకీ కొట్టం అరుగు మీద కూర్చున్నవాడికీ అనువాదకుడు అక్కర్లేదు.

అందుకే రెండు లోకాలకూ వంతెన వేసినవాడు తీగవాద్యకారుడు కాకుండా తబలా విద్వాంసుడు కావడంలో ఆశ్చర్యం లేదు. శ్రీనివాస్ పక్కన కూర్చుని ఏళ్ల తరబడి వాయించిన జాకిర్ హుస్సేనే, ఫ్లెక్, మేయర్‌లతో 2009లో ‘ద మెలొడీ ఆఫ్ రిథమ్’, వేణు విద్వాంసుడు రాకేశ్ చౌరాసియాను కూడా కలుపుకుని 2023లో ‘యాజ్ వి స్పీక్’ చేశారు. బ్లూగ్రాస్ బాంజో, శాస్త్రీయ బాస్, తబలా, బాన్సురి అందులో ఉన్నాయి.

తర్వాత

శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ వచ్చింది. కాలేయ మార్పిడి తర్వాత 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించారు. వయసు 45. రాజేశ్ ఒంటరిగానూ, ఇతర దేశాల వాద్యకారులతో కలిసీ వాయిస్తున్నారు. ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ కర్ణాటక కచేరీలో ఇప్పుడు వింత కాదు. ఈ వాద్యం పట్టే పిల్లలు తోడి గాంధారాన్ని ఎలా ఊపాలో గురువును అడిగి తెలుసుకుంటారు. పాలకొల్లు పిల్లవాడికి ఆ అడిగే అవకాశం లేకపోయింది.

మెక్‌లాఫ్లిన్, జాకిర్ తమ బృందానికి ‘శక్తి’ అన్న పాత పేరే పెట్టి 2023లో ‘దిస్ మొమెంట్’ తెచ్చారు. 2024 ఫిబ్రవరి గ్రామీ సభలో ఆ ఆల్బమ్‌కు ఒకటి, ‘యాజ్ వి స్పీక్’ బృందానికి రెండు బహుమతులు వచ్చాయి. మూడింట్లోనూ జాకిర్ హుస్సేన్ పేరుంది. అదే ఏడాది డిసెంబరులో ఆయనా వెళ్లిపోయారు. ‘దిస్ మొమెంట్’లో మాండలిన్ లేదు. గిటారు పక్కన, వంతులు పంచుకునే చోట గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది.